కణజాలంలో అణువుల పటం

సిరిసిల్ల మగ్గం మీద నేసిన ఒక చీరను విప్పి, పోగులన్నీ విడదీసి, రంగుల వారీగా తూచినట్లయితే అందులో ఎర్రదారం ఎంత, పసుపుదారం ఎంత, తెల్లదారం ఎంత అన్న లెక్క తేలుతుంది. కాని అంచు ఎక్కడ వచ్చింది, కొంగు ఎంతవరకు సాగింది, బుటాలు ఎక్కడెక్కడ పడ్డాయి అన్న సంగతులు ఆ తూకం వల్ల తెలియవు. చీరకు రూపం దారాల స్థానాన్ని బట్టి వస్తుంది. ప్రాణి శరీరం కూడా ఇటువంటిదే. కాలేయం, మూత్రపిండం, మెదడు, ఆకు, గింజ మొదలైనవన్నీ కణజాలాలతో ఏర్పడినవి. ఒక కణజాలంలో చక్కెరలు, కొవ్వులు, ప్రోటీన్లు, లవణాలు వేల రకాలుగా ఉంటాయి. వాటి పరిమాణంతో పాటు అవి ఉన్న చోటు కూడా ఆరోగ్యాన్ని, అనారోగ్యాన్ని నిర్ణయిస్తుంది. కణజాలంలో ఏ అణువు ఎక్కడ ఉన్నదో పటం గీసి చూపే విద్య గడచిన మూడు దశాబ్దాలలో రూపుదిద్దుకొన్నది. దానినే ద్రవ్యరాశి వర్ణపట చిత్రణం, లేదా మాస్ స్పెక్ట్రోమెట్రీ ఇమేజింగ్ అంటారు.

జీవరసాయన శాస్త్రం తొలినాళ్లలో 'ఎంత' అన్న ప్రశ్నకే సమాధానం వెతికింది. ఈ అన్వేషణలో తెలుగువారికి ఒక ఉన్నత స్థానం ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి, జీవద్రవాలలోను కణజాలాలలోను ఉన్న భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్కే - సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో స్థిరపడింది. ఆ కొలత ఆధారంగానే వారు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని గుర్తించారు. 1929లో జర్మనీకి చెందిన కార్ల్ లోమన్ ఒకవైపు, ఫిస్కే - సుబ్బారావు జంట మరొకవైపు, ఎవరికి వారుగా ఎ.టి.పి. అనే శక్తివాహక అణువును కనుగొన్నారు. అయితే ఆనాటి పద్ధతులన్నింటిలోను కణజాలాన్ని మొదట నూరవలసి వచ్చేది. నూరిన తరువాత పదార్థం ఎంత ఉన్నదో తెలిసేది. కండరంలో ఏ పోగులో ఉన్నదో తెలిసే అవకాశం పోయేది.

మరొకవైపు 'ఎక్కడ' అన్న ప్రశ్నకు సూక్ష్మదర్శిని సమాధానమిస్తూ వచ్చింది. వైద్యులు కణజాలాన్ని పలుచని పొరలుగా కోసి, రంగులద్ది, కణాల ఆకారాన్ని పరిశీలిస్తారు. కేంద్రకాలు ఊదారంగులోను, మిగిలిన భాగం గులాబీరంగులోను కనిపిస్తాయి. కేంద్రకాల పరిమాణం, కణాల అమరిక చూసి అది క్యాన్సరో కాదో రోగనిర్ధారణ నిపుణుడు చెప్పగలడు. కాని ఆ రంగులు కణాల రూపాన్ని మాత్రమే చూపుతాయి. కణం లోపల రసాయనికంగా జరుగుతున్న మార్పులను అవి చెప్పలేవు. ఒక ప్రత్యేకమైన ప్రోటీన్‌ను గుర్తించే రంగులు తరువాత వచ్చాయి. అయితే వాటిని వాడాలంటే వెతకవలసిన అణువు ఏదో ముందే తెలిసి ఉండాలి. ఈ విధంగా రసాయన శాస్త్రజ్ఞునికి పదార్థం తెలిసేది గాని చోటు తెలిసేది కాదు. సూక్ష్మదర్శినితో చూసేవానికి చోటు తెలిసేది గాని పదార్థం తెలిసేది కాదు. ఈ రెండు దారులు కలవడానికి అణువులను తూచగల ఒక తక్కెడ అవసరమైంది.

అటువంటి తక్కెడ పని చేసే తీరును అర్థం చేసుకోవడానికి కల్లంలో ధాన్యాన్ని తూర్పారబట్టే దృశ్యాన్ని తలచుకుంటే చాలు. రైతు చాట ఎత్తి ధాన్యాన్ని గాలికి జారవిడుస్తాడు. నిండు గింజ నిటారుగా కాళ్ల దగ్గరే పడుతుంది. తాలు గింజ కొంచెం దూరంగా పడుతుంది. పొట్టు మరింత దూరం కొట్టుకొనిపోతుంది. వీచే గాలి ఒక్కటే అయినా బరువును బట్టి ఒక్కొక్కటి ఒక్కొక్క చోట చేరుతుంది. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో గాలికి బదులు విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం ఉంటాయి. అణువులకు ముందుగా విద్యుదావేశాన్ని కల్పిస్తారు. ఆవేశం పొందిన అణువును అయాన్ అంటారు. శూన్యంలో ప్రయాణించే అయాన్లను అయస్కాంతం ఒక పక్కకు వంచుతుంది. తేలికపాటివి ఎక్కువగా, బరువైనవి తక్కువగా వంగుతాయి. ఎంత వంగిందో చూసి దాని ద్రవ్యరాశిని లెక్కిస్తారు. సూక్ష్మంగా చెప్పాలంటే, ఈ యంత్రం కొలిచేది ద్రవ్యరాశికి, ఆవేశానికి మధ్య ఉన్న నిష్పత్తిని.

ఇంగ్లండులో జె.జె. థామ్సన్ ఈ మార్గంలోనే నియాన్ వాయువును పరీక్షించి, అందులో 20, 22 ద్రవ్యరాశులు గల రెండు రకాల పరమాణువులు ఉన్నట్లు 1913 నాటికి గమనించాడు. ఆయన శిష్యుడు ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో మరింత మెరుగైన యంత్రాన్ని నిర్మించి అనేక మూలకాల ఐసోటోపులను వెలికితీశాడు. ఆ కృషికి 1922లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అయితే చాలాకాలం ఈ యంత్రాలు వాయువులకు, సులభంగా ఆవిరయ్యే పదార్థాలకు మాత్రమే ఉపకరించాయి. ప్రోటీన్ వంటి పెద్ద అణువును వేడిచేస్తే అది ఆవిరి కావడానికి ముందే మాడిపోతుంది. గుడ్డులోని తెల్లసొనను పెనం మీద వేస్తే ఏమవుతుందో అందరికీ తెలిసినదే. గడ్డకట్టిన సొన తిరిగి సొన కాదు. కనుక పెద్ద అణువును చెడగొట్టకుండా గాలిలోకి లేపి, దానికి ఆవేశాన్ని అందించడమే శాస్త్రజ్ఞుల ముందున్న చిక్కు ప్రశ్న అయింది.

ఈ చిక్కును విప్పే మార్గాలు 1980 దశకంలో దొరికాయి. జపాన్‌లోని క్యోటో నగరంలో షిమాజు సంస్థలో ఇంజనీరుగా పనిచేస్తున్న కొయిచి తనాక ఒకనాడు సన్నని కోబాల్టు పొడిలో అసిటోన్‌కు బదులు గ్లిజరిన్ కలిపాడు. పొరపాటు తెలిసినా, ఖరీదైన పొడిని పారవేయడం ఇష్టంలేక దానినే లేజర్ కిరణం కింద ఉంచి పరీక్షించాడు. అంతకుముందు ఎన్నడూ కనిపించని పెద్ద అణువు జాడ తెర మీద కనిపించింది. ఇంచుమించు అదే కాలంలో జర్మనీలో ఫ్రాంజ్ హిల్లెన్‌క్యాంప్, మైకేల్ కరాస్ మరొక ఉపాయాన్ని రూపొందించారు. పరీక్షించవలసిన పదార్థంతో పాటు లేజర్ వెలుగును బాగా పీల్చుకొనే ఒక చిన్న స్ఫటిక పదార్థాన్ని కలుపుతారు. లేజర్ తాకిడిని ఆ పదార్థమే భరించి, తాను ఎగిరిపోతూ పెద్ద అణువును వెంట తీసుకొనిపోతుంది. ఈ తోడు పదార్థానికి మాట్రిక్స్ అని పేరు. పద్ధతికి మాల్డి అని పేరు. అమెరికాలో జాన్ ఫెన్ ద్రావణాన్ని విద్యుదావేశం గల సన్నని తుంపరగా చిమ్మి, బిందువులు ఆరిపోగా అణువులు అయాన్లుగా మిగిలే మరొక పద్ధతిని సాధించాడు. 2002లో తనాక, ఫెన్ ఇద్దరూ రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నవారిలో ఉన్నారు.

అణువును లేపడం సాధ్యమైన తరువాత దానిని ఎంత ఖచ్చితంగా తూచగలమన్న ప్రశ్న ముందుకు వచ్చింది. మూడు పదార్థాలను ఉదాహరణగా తీసుకోవచ్చు. నైట్రోజన్ వాయువు, కార్బన్ మోనాక్సైడ్, ఇథిలీన్ - ఈ మూడింటి అణు ద్రవ్యరాశి స్థూలంగా 28 అనే విద్యార్థులు లెక్క కడతారు. మామూలు తక్కెడకు మూడూ ఒకటే. కాని కార్బన్ ద్రవ్యరాశి సరిగ్గా 12 అని నిర్ణయించుకుంటే, హైడ్రోజన్ 1.0078, నైట్రోజన్ 14.0031, ఆక్సిజన్ 15.9949 అవుతాయి. కేంద్రకంలోని కణాలను బంధించి ఉంచే శక్తి ఒక్కొక్క మూలకంలో ఒక్కొక్క విధంగా ఉండడమే ఈ స్వల్ప భేదాలకు కారణం. ఈ విలువలతో లెక్కిస్తే కార్బన్ మోనాక్సైడ్ 27.9949, నైట్రోజన్ 28.0061, ఇథిలీన్ 28.0313 అని తేలుతుంది. దశాంశ బిందువు తరువాతి అంకెలను కూడా చదవగల యంత్రం ఉంటే మూడింటినీ వేరు వేరుగా గుర్తించవచ్చు. ఈ శక్తినే అధిక విభేదన శక్తి అంటారు. బంగారాన్ని తూచే త్రాసుకు, ధాన్యాన్ని తూచే కాటాకు ఉన్న తేడా వంటిదే ఇది.

కణజాలంలో ఈ శక్తి మరింత అవసరం. కణపొరలలోని అనేక కొవ్వు అణువుల ద్రవ్యరాశి 800 ప్రాంతంలో ఉంటుంది. ఒక అణువులో ఒక ఆక్సిజన్ ఎక్కువ ఉండి, మరొక దానిలో దానికి బదులు ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్లు ఎక్కువ ఉన్నాయనుకుందాం. రెండింటి మధ్య తేడా 0.0364 మాత్రమే. 800లో ఇంతటి తేడాను పట్టుకోవాలంటే ఇరవై రెండు వేలల్లో ఒక వంతును గుర్తించగల యంత్రం కావాలి. రసాయన శుద్ధి చేసిన ద్రావణంలో ఇటువంటి అణువులను ముందుగా వేరుచేసి, ఒకదాని తరువాత ఒకటిగా యంత్రంలోకి పంపవచ్చు. కణజాలపు పొర మీద ఆ సౌకర్యం లేదు. అన్ని అణువులూ ఒక్కసారిగా లేస్తాయి. కనుక వాటిని వేరుచేసే భారం చాలావరకు యంత్రం మీదనే పడుతుంది.

అధిక విభేదన శక్తిని సాధించిన యంత్రాలు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది పరుగుపందెం వంటిది. అయాన్లన్నింటికీ సమానమైన శక్తినిచ్చి పొడవైన గొట్టంలో పరుగెత్తిస్తారు. నాలుగు రెట్లు బరువైన అయాన్ సగం వేగంతో పరుగెత్తుతుంది. గమ్యం చేరిన కాలాన్ని బట్టి ద్రవ్యరాశి తెలుస్తుంది. రెండవ రకంలో బలమైన అయస్కాంతం మధ్య అయాన్లను వలయాకారంగా తిప్పి, ఆ తిరుగుడు పౌనఃపున్యాన్ని కొలుస్తారు. ఇది 1974లో కెనడాలో కొమిసరో, మార్షల్ అనే శాస్త్రజ్ఞుల కృషి ఫలితం. మూడవది ఆర్బిట్రాప్. నూలు వడికే కదురు ఆకారంలో ఉన్న లోహపు కడ్డీ చుట్టూ అయాన్లు తిరుగుతూ, కడ్డీ పొడవునా ముందుకు వెనుకకు ఊగుతాయి. ఆ ఊగిసలాట ఎంత త్వరగా జరుగుతున్నదో చూసి ద్రవ్యరాశిని లెక్కిస్తారు. అలెగ్జాండర్ మకరోవ్ 2000 సంవత్సరంలో దీనిని వివరించగా, 2005 నుంచి ప్రయోగశాలలకు అందుబాటులోకి వచ్చింది. ఊగిసలాటను ఎంత ఎక్కువసేపు గమనిస్తే ద్రవ్యరాశి అంత ఖచ్చితంగా తెలుస్తుంది.

తూకాన్ని పటంగా మార్చే ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. 1960 దశకం ఆరంభంలోనే ఫ్రాన్సులో కాస్టెయింగ్, స్లోజియాన్ అయాన్ల పుంజంతో ఘనపదార్థాల ఉపరితలాన్ని చిత్రించారు. కాని ప్రోటీన్ల వంటి పెద్ద అణువులకు ఆ పద్ధతి అనువుగా లేదు. 1997లో రిచర్డ్ కాప్రియోలీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు మాల్డి పద్ధతితో కణజాలంలోని పెప్టైడ్ల, ప్రోటీన్ల స్థానాన్ని చిత్రించి చూపారు. ఆనాటి నుంచి ఈ విద్య త్వరగా విస్తరించింది.

పని జరిగే క్రమం ఇది. శరీరం నుంచి తీసిన కణజాలపు ముక్కను వెంటనే గడ్డకట్టిస్తారు. ఇందుకు ద్రవ నైట్రోజన్ వంటి అతిశీతల పదార్థాలను వాడతారు. ఆలస్యమైతే కణంలోని ఎంజైములు తమ పని సాగిస్తూనే ఉండి అసలు స్థితిని మార్చివేస్తాయి. గడ్డకట్టిన ముక్కను శీతల యంత్రంలో సుమారు 10 మైక్రోమీటర్ల మందం గల పొరలుగా కోస్తారు. మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. తల వెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రోమీటర్ల వరకు ఉంటుందని గుర్తుంచుకుంటే ఈ పొర ఎంత పలుచనిదో ఊహించవచ్చు. పొరను గాజు పలక మీద పరచి, మాట్రిక్స్ ద్రావణాన్ని మంచు కురిసినంత సన్నగా చిలకరిస్తారు. తడి ఎక్కువైతే అణువులు ఒక చోటు నుంచి మరొక చోటికి పాకి పటం చెడిపోతుంది. ముగ్గు మీద నీళ్లు పడినట్లే.

తరువాత లేజర్ కిరణం పొర మీద ఒక మూల నుంచి బయలుదేరి, మగ్గం మీద పేక నడిచినట్లు వరుస తరువాత వరుసగా, బిందువు తరువాత బిందువుగా సాగుతుంది. ఒక్కొక్క బిందువు వద్ద లేచిన అణువులన్నింటి ద్రవ్యరాశులు, వాటి సంకేత బలం ఒక జాబితాగా నమోదవుతాయి. వరుసలన్నీ పూర్తయిన తరువాత కంప్యూటర్ ఒక ద్రవ్యరాశిని ఎంచుకొని, అది బలంగా ఉన్న బిందువులను ముదురు రంగులోను, బలహీనంగా ఉన్న బిందువులను లేత రంగులోను చూపుతుంది. అదే ఆ అణువు పటం. మరొక ద్రవ్యరాశిని ఎంచుకుంటే మరొక పటం వస్తుంది. ఒకే పొర నుంచి ఈ విధంగా వందల పటాలను గీయవచ్చు. ఏ అణువు కోసం వెతకాలో ముందే తెలియనవసరం లేదు. పని ముగిసిన తరువాత మాట్రిక్స్‌ను కడిగివేసి, అదే పొరకు సాధారణ రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూడవచ్చు. అప్పుడు కణాల ఆకారం, అణువుల పటం ఒకదాని మీద ఒకటి సరిపోల్చడానికి వీలవుతుంది.

ఈ పద్ధతిలో స్పష్టతకు, కాలానికి మధ్య ఒక పోటీ ఉన్నది. ఒక సెంటీమీటరు పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు గల పొరను 50 మైక్రోమీటర్ల దూరంలో బిందువులుగా విభజిస్తే మొత్తం 40,000 బిందువులు వస్తాయి. ఒక్కొక్క బిందువుకు ఒక సెకను పట్టినా 11 గంటలు దాటుతుంది. దూరాన్ని 25 మైక్రోమీటర్లకు తగ్గిస్తే బిందువులు 1,60,000 అవుతాయి. 10 మైక్రోమీటర్లకు తగ్గిస్తే 10,00,000 అవుతాయి. అదే వేగంతో 11 రోజులకు పైగా యంత్రాన్ని నడపవలసి వస్తుంది. పరుగుపందెం రకం యంత్రాలు సెకనుకు అనేక బిందువులను చదవగలవు. ఖచ్చితమైన తూకం కోసం ఎక్కువసేపు గమనించవలసిన యంత్రాలు అంత త్వరపడలేవు. అందువల్ల పరిశోధకుడు తన ప్రశ్నకు ఎంత సూక్ష్మత, ఎంత ఖచ్చితత్వం అవసరమో ముందే నిర్ణయించుకోవలసి ఉంటుంది.

2004లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో గ్రాహం కుక్స్ బృందం ఇంకొక పద్ధతిని ప్రకటించింది. దానిని డెసి అంటారు. ఇందులో లేజర్ లేదు, మాట్రిక్స్ లేదు. ఆవేశం గల ద్రావణి తుంపరను కణజాలం మీదికి చిమ్ముతారు. దుమ్ము పట్టిన వాకిట వానచినుకు పడినప్పుడు దుమ్ముతో కూడిన నీటితుంపర పైకి చిందినట్లు, ఇక్కడ కణజాలపు అణువులతో కూడిన సూక్ష్మ బిందువులు చింది యంత్రపు ముఖంలోకి చేరుతాయి. శూన్యపు గది అవసరం లేకుండా మామూలు గాలిలోనే ఇది సాగుతుంది. కణజాలాన్ని సిద్ధం చేయడానికి పట్టే సమయం బాగా తగ్గింది. దీనివల్ల ఈ విద్య శస్త్రచికిత్స గదికి దగ్గరైంది.

శస్త్రచికిత్సలో ఒక కఠినమైన సమస్య ఉన్నది. క్యాన్సర్ గడ్డను తొలగించేటప్పుడు దాని హద్దు ఎక్కడ ముగిసిందో కంటికి స్పష్టంగా తెలియదు. తక్కువగా కోస్తే వ్యాధి మిగిలిపోతుంది. ఎక్కువగా కోస్తే ఆరోగ్యవంతమైన భాగం, దానితో పాటు అది చేసే పని పోతాయి. రోగి బల్ల మీద ఉండగానే చిన్న ముక్కను గడ్డకట్టించి సూక్ష్మదర్శినిలో పరీక్షించడం అమలులో ఉన్న పద్ధతి. దానికి 20 నిమిషాలు, అంతకు మించిన సమయం పడుతుంది. ప్రోస్టేట్ గ్రంథి విషయంలో ఆ నిర్ణయం మరింత కష్టం. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ జేర్ ప్రయోగశాలలో శిబ్‌దాస్ బెనర్జీ, ఆయన సహచరులు డెసి పద్ధతితో 54 ప్రోస్టేట్ కణజాల నమూనాలను చిత్రించి 2017లో ఫలితాలను ప్రకటించారు. ఆరోగ్యవంతమైన ప్రోస్టేట్ కణాలు సిట్రేట్ అనే పదార్థాన్ని నిల్వ చేసుకుంటాయి. క్యాన్సర్ సోకిన కణాలలో ఆ నిల్వ తరిగిపోతుంది, గ్లూకోజ్ ఎక్కువగా కనిపిస్తుంది. గ్లూకోజ్ సంకేతాన్ని సిట్రేట్ సంకేతంతో భాగించగా వచ్చిన నిష్పత్తి 1.0 దాటితే క్యాన్సర్ అని, 0.5 కన్న తగ్గితే ఆరోగ్యవంతమైనదని గుర్తించవచ్చునని వారు చూపారు. ఆ నిష్పత్తిని కొలవడానికి ఒక నిమిషం చాలు. అనేక అణువులను కలిపి రూపొందించిన గణిత నమూనా, తాను ముందు చూడని నమూనాలను సుమారు 90 శాతం ఖచ్చితత్వంతో వర్గీకరించింది. శిబ్‌దాస్ బెనర్జీ తరువాత తిరుపతిలోని భారతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థలో ఆచార్యులుగా చేరి ఈ రంగంలో కృషి కొనసాగించారు. ఆ సంస్థ 2015లో ఏర్పడింది.

తెలుగునేలపై ఈ యంత్రవిద్యకు పునాదులు అంతకుముందే పడ్డాయి. 1944లో నిజాం ప్రభుత్వ కాలంలో హైదరాబాదులో నెలకొల్పిన శాస్త్ర పరిశోధనశాల, 1956లో కేంద్ర శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి కిందికి వచ్చి, 1989 నుంచి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పేరుతో ప్రసిద్ధమైంది. అక్కడి జాతీయ మాస్ స్పెక్ట్రోమెట్రీ కేంద్రం ఔషధాల, పురుగుమందుల, సహజ పదార్థాల అణునిర్మాణాన్ని తేల్చడంలో ఎందరో పరిశోధకులకు శిక్షణనిచ్చింది.

క్యాన్సర్ ఒక్కటే దీని పరిధి కాదు. ఒక మందు శరీరంలో చేరవలసిన చోటికి చేరుతున్నదా అన్న ప్రశ్నకు కూడా ఇది సమాధానం ఇస్తుంది. క్షయ రోగుల ఊపిరితిత్తులలో సూక్ష్మజీవుల చుట్టూ గడ్డలు ఏర్పడతాయి. వాటి నడుమ జున్నుముద్ద వంటి మృతపదార్థం ఉంటుంది. సూక్ష్మజీవులు అందులో దాగి ఉంటాయి. 2015లో అమెరికా, దక్షిణ కొరియా శాస్త్రజ్ఞులు ఇటువంటి గడ్డలను మాల్డి పద్ధతితో చిత్రించారు. రిఫాంపిసిన్ అనే మందు ఆ మృతపదార్థంలోకి చొచ్చుకొనిపోయి నిలుస్తున్నట్లు, మోక్సిఫ్లాక్ససిన్ అనే మందు చుట్టూ ఉన్న కణాలలో నిండుగా ఉండి కూడా నడుమకు సరిగా చేరలేకపోతున్నట్లు వెల్లడైంది. రోగి రక్తాన్ని పరీక్షిస్తే రెండు మందులూ ఉన్నట్లే కనిపిస్తాయి. చికిత్సాకాలాన్ని తగ్గించడంలో రెండవ మందు ఆశించినంత ఫలితం ఎందుకు ఇవ్వలేదో పటం చూసిన తరువాతనే బోధపడింది. ప్రపంచంలోని క్షయ రోగులలో నాలుగోవంతు మంది భారతదేశంలోనే ఉన్నారు. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య నూలుదుమ్మును, జగిత్యాల, కోరుట్ల ఇళ్లలో బీడీల చాటల ముందు పొగాకు దుమ్మును పీల్చే వేలాది శ్రామికులకు ఊపిరితిత్తుల ఆరోగ్యం ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

వ్యవసాయంలోను ఈ పటాలకు ప్రయోజనం ఉన్నది. జగిత్యాల సమీపంలోని పొలాస పరిశోధన స్థానం నుంచి వచ్చిన జగిత్యాల సన్నాలు అనే వరి రకం తెలంగాణ రైతులకు సుపరిచితం. సన్నబియ్యాన్ని తెల్లగా మరపట్టించి తినడం వాడుక. ఆ మరలో పోయేదేమిటి? జపాన్ శాస్త్రజ్ఞులు 2010లో వరిగింజ అడ్డుకోతను మాల్డి పద్ధతితో చిత్రించారు. ఇ విటమిన్ ముఖ్యంగా మొలక భాగంలోను, ఒరైజనాల్, ఫైటిక్ ఆమ్లం తవుడు పొరలోను ఉన్నట్లు ఆ పటాలలో కనిపించింది. తెల్లబియ్యంలో మిగిలేది ప్రధానంగా పిండిపదార్థం గల లోపలి భాగం. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతపు పసుపు సంగతి తీసుకున్నా, పసుపు కొమ్ము రంగుకు కారణమైన కర్‌క్యుమిన్, దాని సోదర పదార్థాలు రెండూ కలిసి ఉంటాయి. వాటి ద్రవ్యరాశులు 368.1260, 338.1154, 308.1049. కంటికి మూడూ ఒకే పసుపురంగు. అధిక విభేదన యంత్రానికి అవి మూడు వేరు వేరు సంకేతాలు. మేలైన విత్తనాన్ని ఎంపిక చేయడంలో ఏ పదార్థం కొమ్ములో ఏ భాగంలో ఏ దశలో చేరుతున్నదో తెలియడం ఉపయోగకరం.

ఈ విద్యకు పరిమితులు కూడా ఉన్నాయి. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండింటిలోను కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు సమాన సంఖ్యలో ఉంటాయి. రెండింటి ద్రవ్యరాశి 180.0634. అమరిక వేరైనా తూకం ఒకటే కనుక ఎంత ఖచ్చితమైన యంత్రమైనా తూకంతో మాత్రమే వాటిని విడదీయలేదు. అటువంటప్పుడు అణువును విరిచి ముక్కలను తూచవలసి ఉంటుంది. అందుకు కూడా లొంగనివి కొన్ని ఉంటాయి. మరొక సంగతి ఏమంటే, పటంలో ముదురుగా కనిపించిన చోట పదార్థం తప్పనిసరిగా ఎక్కువ ఉన్నదని చెప్పలేము. సంతలో గట్టిగా అరిచేవాని గొంతులో మెల్లగా మాట్లాడేవాని మాట వినబడనట్లు, సులభంగా ఆవేశం పొందే అణువులు పక్కనున్న వాటి సంకేతాన్ని అణచివేస్తాయి. కనుక తెలిసిన పరిమాణంతో సరిచూసిన తరువాతనే పరిమాణాన్ని నిర్ణయించాలి. పైగా ఈ పరీక్షకు కణజాలాన్ని కోసి తీయవలసి ఉంటుంది. ఎక్స్-రే వలె జీవించి ఉన్న శరీరాన్ని బయటినుంచి చూడడం దీనివల్ల కాదు. యంత్రాల ధర కోట్ల రూపాయలలో ఉంటుంది. రోగనిర్ధారణ నిపుణుని స్థానాన్ని ఇది ఆక్రమించదు. ఆయన చూపుకు మరొక ఆధారాన్ని జోడిస్తుంది.

జిల్లాల విషయానికి వస్తే మరొక ఆచరణాత్మక సమస్య ఎదురవుతుంది. చిన్న పట్టణాలలో శస్త్రచికిత్స ద్వారా తీసిన ముక్కను ఫార్మలిన్‌లో వేసి పెద్ద నగరాల పరీక్షశాలలకు పంపడం పరిపాటి. ఫలితం కోసం రోజుల తరబడి ఎదురుచూసే కుటుంబాల ఆందోళన అందరికీ తెలిసినదే. కణాల ఆకారాన్ని నిలపడానికి ఫార్మలిన్ శ్రేష్ఠమైనది. కాని ఆ తరువాతి శుద్ధిలో చిన్న అణువులు, కొవ్వులు చాలా భాగం కొట్టుకొనిపోతాయి. గ్లూకోజ్ - సిట్రేట్ వంటి నిష్పత్తులను నమ్మకంగా కొలవాలంటే ముక్కను తీసిన చోటనే, తీసిన వెంటనే గడ్డకట్టించాలి. కాబట్టి యంత్రం నగరంలో ఉన్నప్పటికీ దాని ప్రయోజనం జిల్లాకు అందడం ఒక శీతల పెట్టె మీద, దానిని సరిగా వాడగల సిబ్బంది మీద ఆధారపడి ఉంటుంది. విద్యుత్తు పోయినప్పుడు కూడా చల్లదనం నిలిచే ఏర్పాటు, నమూనా తీసిన సమయాన్ని తప్పక రాసి ఉంచే అలవాటు, ఈ రెండూ కోట్ల విలువైన యంత్రమంత ముఖ్యమైనవే.

జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కోరుట్లలో పశువైద్య కళాశాల, పొలాసలోను సిరిసిల్లలోను వ్యవసాయ కళాశాలలు ఉన్నాయి. మనిషి, పశువు, పంట - ఈ మూడింటి కణజాలాన్ని చదివే విద్యాలయాలు ఒకే ప్రాంతంలో ఉండడం విశేషం. అణువుల పటాన్ని గీయడానికి భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, జీవశాస్త్రం, గణితం, కంప్యూటర్ విజ్ఞానం అన్నీ కావాలి. అయాన్ వేగం లెక్కించే సూత్రం, సిట్రేట్ మారే జీవక్రియ, నిష్పత్తిని పరీక్షించే గణాంక పద్ధతి - వీటన్నింటి మొదటి మెట్లు ఇంటర్మీడియట్ తరగతుల పాఠ్యపుస్తకాలలోనే ఉన్నాయి. కండరాన్ని నూరి భాస్వరాన్ని కొలిచిన సుబ్బారావు తరం 'ఎంత' అన్న ప్రశ్నకు సమాధానమిచ్చింది. ఆ తరువాతి తరాలు 'ఎక్కడ' అని అడగడం నేర్చుకున్నాయి. ఒక అణువు అక్కడికి ఎందుకు చేరింది, దానిని మార్చితే రోగి కోలుకుంటాడా అన్న ప్రశ్నలు ఇంకా మిగిలి ఉన్నాయి. వాటికి సమాధానం వెతికే పని నేడు తరగతి గదులలో ఉన్న విద్యార్థుల వంతు.